సుభద్ర కథకు చివరి ఎనిమిది ఆకులు

విదియ

చదివే మనిషి రోజూ రెండు ముక్కలు రాసి పెట్టాలని మా తెప్ప నియమం. ఏ పుస్తకం, ఏ పుట దాకా, ఎవరు అడిగారు. అంతే. ఇరవై రెండేళ్ళుగా నేను అంతకు మించి ఒక్క మాట రాయలేదు. ఈ పక్షం మాత్రం కాస్త ఎక్కువ రాసేట్టున్నాను. ఎందుకు రాశావని అడిగేవాళ్ళుంటే అడగనీ.

నా పేరు నూకరత్నం. సముద్రం మీద తేలే ఊళ్ళలో మాది మూడో తెప్ప. దాని మీద నాచు కొట్టంలో చదువుతాను. ముప్ఫై మంది ఆడవాళ్ళు సముద్రపు నాచును సన్నగా తరిగి, నీళ్ళలో కలిపి, చట్రాల మీద పలచగా పరుస్తారు. ఆ పొరల్ని ఎత్తి ఎండేస్తే తినే రేకులవుతాయి. రేకులు నేలకు పోతాయి, నేల నుంచి మంచినీళ్ళు వస్తాయి. ఈ పనిలో చేతులకు క్షణం తీరిక ఉండదు, చెవులకు బోలెడంత తీరిక. అందుకని ఒకరు చదువుతారు, తక్కినవాళ్ళు వింటూ చేస్తారు. చదివే మనిషి నాచు ముట్టదు కదా, మరి ఆమె వంతు సంగతి? సాయంత్రం ఇళ్ళకు పోతూ ఒక్కొక్కరూ తమ రేకుల్లోంచి ఒకటి తీసి నా బుట్టలో వేస్తారు. దాన్ని చెవి రేకు అంటారు. వెయ్యాలని ఎక్కడా రాసిలేదు. వెయ్యని రోజూ ఇంతవరకూ లేదు.

ఇవాళ గాలిపరీక్ష ఫలితాలు చెప్పారు. మంచినీళ్ళు తెచ్చే పడవకు సరంగు కావాలంటే మూడు రోజులపాటు యంత్రం ఆపేసి, నడిసముద్రంలో గాలినీ అలల్నీ చూసుకుంటూ పడవ నడపాలి. పదిహేడు మంది వెళ్ళారు. మొదట నిలిచింది మా కొట్టం పిల్ల ముత్యాలు. ఇరవై ఏడేళ్ళు, ఆరేళ్ళ కూతురుంది. ఒప్పుకుంటే పౌర్ణమి పోటుకు బయలుదేరాలి. నలభై రోజులు సముద్రం మీద, పది రోజులు ఇంట్లో, మళ్ళీ నలభై. అవుననో కాదనో ద్వాదశి లోపల చెప్పాలి. మా తెప్ప మీద ఇంతకు ముందు ఆ పరీక్షలో మొదట నిలిచిన ఆడది ఒక్కతే. ఆ సంగతి తర్వాత రాస్తాను.

కొట్టంలో ఎవరూ వద్దనలేదు. ఆడదాన్ని ఏ పనికైనా వద్దనడం ఇక్కడ తప్పు. కాబట్టి అందరూ "నీ ఇష్టవమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటను ఇన్ని రకాలుగా అనవచ్చని నాకు ఇవాళే తెలిసింది. ముత్యాలు అత్త ఎర్రమ్మ పక్క చట్రం దగ్గర్నుంచి తలెత్తకుండా అంది, "నీ ఇష్టం. పాపని నాను సూసుకుంతాన్లే. ఎలాగోలాగ." ముత్యాలు మొహం ఆ "ఎలాగోలాగ" దగ్గర చిన్నదైపోయింది.

తదియ

ఏం చదవాలో అడిగే వంతు ఇవాళ ముత్యాలుది.

"సుబద్ర కత సదువు పిన్నీ" అంది.

నాకు ఇష్టం లేకపోయింది. పైకి మాత్రం "విన్నదే కదే, ఎన్నిసార్లు వింటావు" అన్నాను. "మల్లీ వింతాను" అంది. కొట్టమంతా సంబరపడింది. మా దగ్గర నాలుగు వందల పుస్తకాలున్నా ఇదంటేనే అందరికీ ప్రాణం.

నూట యాభై ఏళ్ళ కిందటి నవల. అట్ట మీది పేరు చినిగిపోయింది కనుక సుభద్ర కథ అనేస్తాం. కింద "శ్రీమతి టి. సూర్యనారాయణమూర్తి" అని మాత్రం ఉంది. మా తెప్ప మీద పెళ్ళయినా ఎవరి పేరు వాళ్ళదే, అందుకని ముందుతరం వాళ్ళకు అది అర్థం కాక రాసినామె పేరు శ్రీమతి అనీ, తక్కినది ఇంటిపేరనీ అనుకున్నారు. ఇప్పటికీ ఆవిడ మాకు శ్రీమతమ్మే.

సుభద్ర బొబ్బిలిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేస్తుంది. ఊళ్ళోవాళ్ళ మాటల్ని తీగలతో ఒకరి నుంచి ఒకరికి కలిపే చోటు అది. కొట్టంలో పెద్దది అసిరమ్మ. డెబ్భై దాటాయి, పొర ఎత్తడంలో ఆమెను మించినవాళ్ళు ఏ తెప్ప మీదా లేరు. "ఇప్పుడు యంత్రం పెట్టెలు సేత్తన్న పనే. కాకపోతే అప్పుడు మనిసి సేసేది" అంటుందామె. సుభద్రకు కర్నూలులో పైమెట్టు ఉద్యోగం వస్తుంది, ముప్ఫై మంది మీద పెత్తనం. ఇంట్లో మొగుడు, అత్త, చిన్న పిల్ల. వెళ్ళాలా వద్దా, అదే కథ. చివరకు రైలు స్టేషన్ దాకా వెళ్ళి, ఉద్యోగపు కాగితం చింపేసి వెనక్కి వస్తుంది. పొయ్యి వెలిగించి, పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుని "ఇదే నా ఎక్స్ఛేంజి" అనుకుంటుంది. అక్కడ అందరూ కళ్ళు తుడుచుకుంటారు. పిల్లకు జ్వరం తగ్గినా, మొగుడు మంచి చేప తెచ్చినా "ఇదే నా ఎక్స్ఛేంజి" అనడం మా కొట్టంలో వాడుక.

ఒకటో అధ్యాయం చదివాను. సెలవుతో కలిపి మొత్తం ఎనిమిది రోజులు పడుతుంది. అంటే ముగింపు దశమి నాడు.

పంచమి

మూడో అధ్యాయం పూర్తయింది. వాన రాలేదు, రేకులు బాగా ఎండాయి.

మధ్యాహ్నం గంజి దగ్గర ఎర్రమ్మ అంది, "సుబద్రకి నేని సదువా, తెలివా? అన్నీ ఉన్నాయి. అయినా ఎనక్కి వొచ్చినాది గదా. బుద్దిమంతురాలు." ముత్యాలు వైపు చూడకుండానే అంది. ఎర్రమ్మ చెడ్డది కాదు. కొడుకును, అంటే ముత్యాలు మొగుణ్ణి, ఒక్క చేత్తో పెంచింది, మనవరాలంటే ప్రాణం. తనకేం కావాలో తిన్నగా అడగడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, అంతే.

గంజి గిన్నెలు కడిగేటప్పుడు ముత్యాలు నా దగ్గరకు వచ్చింది.

"పిన్నీ, నువ్వు బోలెడు సదివినావు గదా. సుబద్ర అంతటిది ఎల్నేకపోయినాదంటే మరి నానేటి, దానికన్నా గొప్పదాన్నా?"

"అది కథే" అన్నాను.

"కతే. కానీ రాసినామె కూడా ఆడదే గదా. ఆమెకు తెలీకుండా రాత్తాదా?"

నేను గిన్నె బోర్లించి వచ్చేశాను.

షష్ఠి

ఇక్కడైనా నిజం రాస్తాను.

ఆ పరీక్షలో మొదట నిలిచిన ఒక్క ఆడదాన్ని నేనే. అప్పుడు నాకు ముప్ఫై రెండేళ్ళు. అందరూ నీ ఇష్టం అన్నారు. మా ఆయన దానయ్య కూడా నీ ఇష్టమే అన్నాడు. నేను తొమ్మిది రోజులు ఆలోచించి, కాదని చెప్పాను. ఎందుకని అడిగితే నాకే తెలీదు. ఆ నెలలోనే కొట్టంలో చదివే మనిషి పని ఖాళీ అయింది, నన్ను కూచోబెట్టారు. నా చేతికి వచ్చిన మొదటి పుస్తకం సుభద్ర కథ.

పాత పుస్తకాలన్నీ నీళ్ళలో నాని వచ్చినవే. వాటిని చదివి, నేను చేతిలో పట్టుకుని చదివే తెర పలకలోకి ఎక్కించేది అతుకుల పెట్టె. ఆ యంత్రానికి పెద్ద పేరేదో ఉంది కానీ అందరం అతుకు అనే అంటాం. చెరిగిన చోట ఏముండేదో ఊహించి పూరిస్తుంది. సుభద్ర కథలో చివరి ఎనిమిది ఆకులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి చెక్కలా అయిపోయాయి. అతుకు నన్ను అడిగింది: "చివరి ఆకులు అందలేదు. పూరించమంటారా? మూడు విధాలుగా పూరించగలను."

మొదటిదానిలో సుభద్ర కర్నూలు వెళ్ళి పేరు తెచ్చుకుంటుంది. రెండోదానిలో స్టేషన్ నుంచి తిరిగొస్తుంది. మూడోదానిలో రైలు కింద పడుతుంది. నేను రెండోది పెట్టమన్నాను.

ఎందుకు పెట్టమన్నానో మాత్రం నాకు బాగా తెలుసు. నేను వెళ్ళలేదు కాబట్టి సుభద్ర కూడా వెళ్ళకూడదనుకున్నాను. కథలో అంతటి మనిషి వెనక్కొస్తే, నేను వెనక్కి రావడం పిరికితనం కాకుండా పోతుందనుకున్నాను. కింద "ఇది పూరించిన భాగం" అని ఒక గుర్తు ఉండాలి. అదీ తీసేయమన్నాను. "ఇదే నా ఎక్స్ఛేంజి" అన్న ముక్క యంత్రం అల్లింది. దాని కోసం ఇరవై రెండేళ్ళుగా ముప్ఫై మంది ఏడుస్తున్నారు. మొదటిసారి నేనూ ఏడిచాను, సిగ్గు లేకుండా.

సప్తమి

సెలవు. దానయ్య గుమ్మం దగ్గర కూచుని చేప తోముతున్నాడు. పులుసు ఆయనే పెడతాడు, నాకు రాదు.

"మావా, అప్పుడు నన్ను పడవెక్కొద్దని నువ్వన్నావా?"

ఎప్పటి సంగతని అడగలేదు. ఆయనకూ గుర్తే అన్నమాట.

"నానెందుకంటాను? నీ ఇష్టవన్నాను."

"ఎక్కమన్నావా?"

"నీ ఇష్టవన్నాక మల్లీ ఎక్కమనడం ఏటి?"

ఆయన చేపను తిరగేసి ఇంకో పక్క తోమాడు. అటు తోమిందే మళ్ళీ తోమాడు. తర్వాత అన్నాడు, "నాకు బయవేసినాది, రత్నం. నలబై రోజులు ఒక్కడ్నీ ఎలాగుంతానని. మొగోడ్ని గదా, సెప్పుకోనేక నీ ఇష్టవన్నాను."

నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, రెండూ ఒకేసారి. "ఆ మాట అప్పుడే అనుంటే దెబ్బలాడుకునేవాళ్ళం కదా మావా. దెబ్బలాడుకునైనా ఎక్కేదాన్నేమో."

"ఎక్కేదానివే" అన్నాడు. "నువ్వు దెబ్బలాటలో ఎప్పుడు ఓడిపోనావు గనక."

పులుసు బాగా కుదిరింది. ఇద్దరం గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.

అష్టమి

ఐదో అధ్యాయం చదివాక పాత కాగితాల గదికి వెళ్ళాను. ఇనప పెట్టెలో సుభద్ర కథ అలాగే ఉంది. చివరి ఎనిమిది ఆకులు, వాటి వెనక అట్ట, అన్నీ కలిసి ఒకే చెక్క. అతుకు వెలుతురు వేసి చదువుతుందే కానీ ఆకులు విడదీయలేదు. ఇంతకాలం దాన్ని విడదీయడం ఎవరివల్లా కాదనుకున్నాం. కానీ తడి పొర మీంచి తడి పొరను చిరగకుండా ఎత్తడమే మా కొట్టం పని. ఇరవై రెండేళ్ళుగా ఆ పని పక్కనే కూచుని కూడా నాకీ ఆలోచన రాలేదు. రాకూడదనుకున్నాను కాబట్టి రాలేదు.

ఇంటికి తెచ్చి పళ్ళెంలో మంచినీళ్ళు పోసి నానబెట్టాను. వెదురు పుల్ల తీసుకుని పై ఆకు అంచు లేపబోయాను. మూల చిరిగి పుల్లకు అంటుకుంది. ఆపేశాను.

ఒకప్పుడు నేనూ పొరలు ఎత్తినదాన్నే. ఇన్నేళ్ళు ఒకరి రేకులు తిని, నా వేళ్ళు మెత్తబడిపోయాయి. ఈ ఆకుల్ని ఎత్తగలిగింది అసిరమ్మ ఒక్కతే. ఆమె చేతిలో పెట్టాలంటే ఇదేమిటో చెప్పాలి. చెప్పాలంటే అందరికీ చెప్పాలి. మాట దాచుకునే చోటు కాదు మా కొట్టం.

భయంగా ఉంది. బుట్ట పోతుందని కాదు. ఆ ఎత్తుపీట మీద కూచుని నేను నోరు తెరిస్తే ముప్ఫై మంది నమ్ముతారు. నాకున్నదల్లా అదే.

నవమి

పలక తెరవకుండా పీట మీద కూచున్నాను. "ఏటి, ఇవాల సదువు నేదా?" అన్నారు. ఉందని చెప్పి, షష్ఠి నాడు రాసిందంతా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపకుండా చెప్పాను.



"అయితే సుబద్ర ఎనక్కి రానేదా?" అంది ఎవరో వెనకనుంచి.

"వచ్చిందో లేదో నాకు తెలీదు. ఆ ఆకులు ఎవరూ చదవలేదు."

"మరి ఎక్స్ఛేంజి?"

"అది యంత్రం అన్నమాట."

ఒకామె నవ్వింది. ఇంకొకామె ఏడ్చింది. "మా యమ్మ సచ్చిపోయినప్పుడు నాను ఆ మాటే అనుకుని గుండె రాయి సేసుకున్నాను" అంది.

ముత్యాలు లేచి నిలబడింది. మనిషి ఎర్రగా అయిపోయింది. "నాను పదేల్ల గుంటప్పట్నుంచి ఆ కత ఇంతన్నాను పిన్నీ. మా యమ్మ పని సేత్తంటే ఈ సట్రాల కింద కూకోని ఇన్నాను. పరీచ్చలో మొదట వొచ్చినానని తెలిసినప్పుడు నాకు సంబరం రానేదు. సుబద్ర గుర్తొచ్చినాది. నువ్వేడవడానికి నీకో తోడు కావాలని మమ్మల్నందర్నీ ఏడిపించినావా?"

"అవునమ్మా" అన్నాను.

ఆ పిల్ల బయటికి వెళ్ళిపోయింది. అసిరమ్మ చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"ఆకులేవి?" అంది.

చూపించాను. చిరిగిన మూల చూసి నాలుక చప్పరించింది. "నీ మొకం. మంచినీల్లలోనా నానబెడతారు? ఉప్పునీల్లు సగం కలపాలి, నేకపోతే పొర పొంగిపోతాది." పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నా బుట్టలో తొమ్మిది రేకులున్నాయి. ఆ తొమ్మిదైనా ఎందుకు వేశారో తెలీదు.

దశమి

పొద్దున్నే కొట్టం మధ్యలో పెద్ద చట్రం వేశారు. ఎవరూ నాచు కొయ్యలేదు. ఇలా పని ఆగడం నేను చూడలేదు ఎప్పుడూ.

అసిరమ్మ చెక్కను నీళ్ళలో పడుకోబెట్టి, చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత అంచు మీద మెల్లిగా ఊదింది. పొర ఎక్కడ వదులుగా ఉందో గాలి చెబుతుందట. అక్కడ పుల్ల పెట్టి, ఎర్రమ్మను పిలిచి అటు పక్క పట్టుకోమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఎత్తారు. మొదటి ఆకు తెల్లగా, అక్షరాలతో సహా లేచి వచ్చింది. కింద జల్లెడ పరిచి అందుకున్నారు. ముత్యాలు ఎప్పుడు వచ్చిందో, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

మధ్యాహ్నానికి ఏడు ఆకులు వచ్చాయి. ఎనిమిదో ఆకు పై సగమే వచ్చింది. కింది సగం పిండిలా నీళ్ళలో కలిసిపోయింది. అసిరమ్మ దాన్ని చేత్తో కూడా ముట్టలేదు. "అది పోయినాది" అంది, అంతే.

"సదువు" అంది నాతో.

"నేనా?"

"ఇంకెవులికి ఒచ్చు గడగడా సదవడం? సదువు. ఉన్నది సదువు."

తడి ఆకుల మీద వంగి చదివాను. ఇరవై రెండేళ్ళలో ముందు ఏముందో తెలియకుండా చదవడం అదే మొదలు. సుభద్ర మొగుడు మాట్లాడడు, పెట్టె మాత్రం మోస్తాడు. పిల్ల నిద్రపోతూ ఉంటుంది. ఆ తర్వాత అత్తగారు మాట్లాడుతుంది. ఆ ముక్క ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"అత్తగారు చేగోడీల డబ్బా చేతికిచ్చి, 'నువ్వు వెళ్ళడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఈ వయసులో పిల్లను ఎత్తుకుని తిరగడం నా వల్ల కాదు. నీ మీద కోపంగా కూడా ఉంది. ఇదంతా నీ మొహం మీదే చెప్పేశాను గనక ఇక వెళ్ళు. లోపల దాచుకుని నీ ఇష్టం అని ఊరుకుంటే నీకు కాళ్ళు కదలవు. ఆ పాపం నాకెందుకు?' అన్నది. సుభద్రకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆమె తనతో మాట్లాడిన మొదటి మాట అదే అనిపించింది."

తర్వాత స్టేషన్. బండి ఆలస్యం. సుభద్ర పెట్టె మీద కూచుని చేగోడీ కొరుకుతుంది, గట్టిగా ఉందనుకుంటుంది. చివరి వాక్యం ఇది: "బండి వచ్చింది. సుభద్ర లేచి". అక్కడితో కాగితం అయిపోయింది, ఆకు వెనక వైపు ఖాళీ.

"ఎక్కినాదా?" అంది ఎర్రమ్మ.

"తెలీదు."

"ఎక్కే ఉంతాది. సేగోడీలు తినేసినాది గదా" అంది ఇంకొకామె. వాదన మొదలైంది. నేను అట్టను తిప్పాను. దాని లోపలి వైపు చిన్న అక్షరాలు, ఒక చదరపు గీత మధ్య: రచయిత్రికి ఉత్తరాలు రాయదలచినవారు ఈ చిరునామాకు పంపగలరు. టి. హైమవతి, గది నంబరు 4, టెలిఫోన్ ఎక్స్ఛేంజి మహిళా క్వార్టర్లు, కర్నూలు.

రెండుసార్లు చదివించుకున్నారు.

"హైమవతి ఎవులు?" అంది అసిరమ్మ.

"శ్రీమతమ్మ. ఆమె పేరది."

"కర్నూల్లో ఉందా మరి?"

"ఎక్స్ఛేంజి వాళ్ళు ఆడవాళ్ళకిచ్చిన గదిలో ఉంది. ఈ కథ రాసినప్పుడు అక్కడే ఉంది."

సుభద్ర ఎక్కిందో లేదో మాకు తెలియలేదు. రాసినామె మాత్రం బండెక్కింది. కొట్టంలో అందరికీ ఆ సంగతి ఒకేసారి తట్టినట్టుంది, వాదన ఆగిపోయింది.

"సుకపడినాదో నేదో రాయనేదు" అంది అసిరమ్మ చివరకు. "ఉత్తరాలు రాయమందంటే ఒక్కర్తీ ఉన్నాదేమో. పాపం."

అదీ నిజమే అయి ఉండవచ్చు.

ఏకాదశి

పొద్దున అతుకు పలక మీద అడిగింది: "కొత్త ఆకులు అందాయి. మిగిలిన సగం ఆకు పూరించమంటారా?" నేను జవాబివ్వకుండా పలకను కొట్టం మధ్యలో పెట్టాను. "వొద్దు" అంది అసిరమ్మ. "వొద్దొద్దు" అన్నారు వెనకనుంచి. అదే నొక్కాను.

మధ్యాహ్నం గంజి దగ్గర ఎర్రమ్మ గిన్నె కింద పెట్టి, అందరూ వినేట్టుగా కోడలితో అంది, "ఓలె ముత్యాలూ. నువ్వెల్డం నాకిష్టం నేదు."

ముత్యాలు గంజి గిన్నె దించింది.

"నా నడుం పని సెయ్యదు. గుంట నా మాట ఇనదు. దాని జడ నాకెయ్యడం రాదు. నువ్వు సంద్రం మీద ఉంతే నాకు నిద్దర పట్టదు, దిగులుగా కూకున్న నా కొడుకు మొకం సూడ్డానికి నాకు దమ్ము సాలదు. నాకిష్టం నేదు. సెప్పేసినాను." ఊపిరి పీల్చుకుంది. "ఇంక ఎల్లు."

ముత్యాలు ఏడుస్తుందనుకున్నాను, గట్టిగా నవ్వేసింది. "జడ నేర్పుతానత్తా" అంది. "పౌర్నమి దాకా రోజూ నేర్పుతాను."

"నేర్పు మరి. ఆ గుంట కదలకుండా కూకుంతే గదా."

గంజి చల్లారిపోయింది. ఎవరికీ పట్టలేదు.

ద్వాదశి

ముత్యాలు సరంగుగా ఒప్పుకుని వేలిముద్ర వేసి వచ్చింది. నేరుగా నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"నీ మీద నాకింకా కోపం పోనేదు పిన్నీ."

"పోనక్కర్లేదు."

"సుబద్రని సూసి ఎల్లడం నేదు నాను. ఆ హైమవతిని సూసీ కాదు. మూడు రోజులు యంత్రం నేకుండా పడవ నడిపినాను గదా, నాకది బాగున్నాది. అందుకెల్తన్నాను. నీ పుస్తకంలో అలగే రాయి."

అలాగే రాశాను.

తర్వాత అసిరమ్మ తీర్పు చెప్పింది. చదవడం ఇక వంతులవారీగా. నేను నలభై రోజులు చట్రం దగ్గర కూచుని పొరలు ఎత్తాలి, ముత్యాలు తిరిగొచ్చాక మళ్ళీ చూద్దామంది. ఇవాళ ఎర్రమ్మ చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తప్పయితే మళ్ళీ వెనక్కి వెళ్ళి, అర పుటకు పూట పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. సాయంత్రం నేను నా రేకుల్లోంచి ఒకటి తీసి ఆమె బుట్టలో వేశాను. ఆ ఒక్కటే చిరగకుండా వచ్చింది మరి.

పౌర్ణమి

పోటు పొద్దెక్కాక వచ్చింది. కొట్టమంతా రేవుకు వెళ్ళాం. పాప జడ వంకరగా ఉంది. ఎర్రమ్మ వేసింది.

ముత్యాలు చేతికి ఒక ఉత్తరం ఇచ్చాను. నేల మీద ఎక్కడైనా వెయ్యమన్నాను. పైన కర్నూలు చిరునామా రాసి ఉంది. చూసి, "ఆమె ఎప్పుడో పోయుంతాది పిన్నీ" అంది. తెలుసన్నాను. ఉత్తరాలు రాయమని అడిగిన మనిషికి నూట యాభై ఏళ్ళలో మా కొట్టం నుంచి ఒక్కటీ పోలేదు. ముత్యాలు దాన్ని రవికలో దాచుకుని పడవెక్కింది.

అందులో పెద్దగా ఏమీ రాయలేదు. "హైమవతిగారికి, నేను మీ కథకు లేని ముగింపు పెట్టి ఇరవై రెండేళ్ళు చదివాను. ఇప్పుడు తీసేశాం. 'సుభద్ర లేచి' అన్న చోటే ఆపుతున్నాం. నేను బండి ఎక్కలేదు. మీరు ఎక్కినందుకు సంతోషం. కోపం వస్తే తిట్టండి. నూకరత్నం." అంతే.

ఇవాళ్టికి నేను ఎత్తిన పొరలు పదకొండు. మూడు చిరిగాయి. చదివింది అసిరమ్మ, సుభద్ర కథ, మొదటి అధ్యాయం, రెండు వాక్యాల దాకా.

పడవ పోటు మీద లేచి తిరిగింది. పాప చెయ్యి ఊపుతూనే ఉంది. "అమ్మ ఎనక్కి సూడదేటి?" అని ఎర్రమ్మను అడిగింది. ఎర్రమ్మకు తెలీలేదు, నా వైపు చూసింది. రేవు దాటేదాకా సరంగు వెనక్కి చూడకూడదు తల్లీ, ముందు వచ్చే అలల్ని చూడాలి, అని చెప్పాను. నీకెలా తెలుసని అడిగింది పాప. పరీక్షలో నేనూ మొదటిదాన్నే అన్నాను.